ఓడినా ఓడ ఎక్కలేదు

చి.సౌ. పాపకు,

  

ఫోనులో తెగని మాట తేల్చాలని ఇది రాస్తున్నా. మెల్బోర్న్‌లో మీ పేట కౌన్సిలుకు పోటీ చెయ్యమని అక్కడివాళ్ళే అడిగితే నువ్వు వెనకాముందూ ఆడుతున్నావు. మీ నాయనది ఒకటే పాట: బతకడానికి పోయినచోట బతుకు చూసుకోవాలి, పెత్తనాలు మనకెందుకని. మన పక్క చాలా ఇళ్ళల్లో వినిపించే మాటే అది. కువైట్‌కు పోయినవాళ్ళకు ఆ మాట సరిపోతుంది. ఎన్నేళ్ళు చాకిరీ చేసినా అక్కడ ఓటు రాదు, వీసా అయిపోతే ఇంటిదారే. నీ సంగతి వేరు. నీకు పౌరసత్వం ఇచ్చిన దేశం, ఓటు వెయ్యకపోతే జరిమానా వేసే దేశం. ఓటెయ్యడం తప్పనిసరి అయినచోట ఓటడగడం తప్పెట్లా అవుతుంది?

ఊరు దాటి వచ్చిన నాయకులు మనకేం కొత్త కాదు. నారావారిపల్లెలో పుట్టిన చంద్రబాబు నాయుడిని కుప్పం 1989 నుంచి వరసగా ఎనిమిదిసార్లు గెలిపించింది. పి.వి. నరసింహారావు మహారాష్ట్రలోని రాంటెక్ నుంచీ, ఒడిశాలోని బరంపురం నుంచీ లోక్‌సభకు వెళ్ళారు. సముద్రం దాటి రావడం వేరు కదా అంటావేమో. అలా వచ్చి, ఈ దేశంలో 40 ఏళ్ళు బతికి, అందులో సగం కాలం రాజకీయాల్లో నలిగిన ఒక పెద్దావిడ పేరు పెట్టుకున్న కాలేజీలోనే మీ నాయన డిగ్రీ చదివాడు. మదనపల్లె బీటీ కాలేజీలో ‘బీ’ అంటే అనీ బెసెంట్. ఆ పేరు రోజూ పలికేవాళ్ళలో ఆమె కథ తెలిసినవాళ్ళు తక్కువ.

ఆమె 1847 అక్టోబరు 1న లండన్‌లో పుట్టింది. ఐదేళ్ళకే తండ్రి పోయాడు. ఇరవై ఏళ్ళకు ఫ్రాంక్ బెసెంట్ అనే పాదిరీతో పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. లేని నమ్మకాన్ని ఉన్నట్టు నటించలేనని చర్చిలో ప్రసాదం పుచ్చుకోవడం మానేసింది. 1873లో ఆ కాపురం విడిపోయింది. నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లాతో కలిసి 1877లో సంతాన నియంత్రణ మీద ఒక పాత పుస్తకాన్ని మళ్ళీ అచ్చువేసి బోనెక్కింది. జైలుశిక్ష పై కోర్టులో చట్టం మెలిక మీద రద్దయింది గానీ, మరుసటి ఏడాది ఇంకో కోర్టు, ఇలాంటి తల్లి దగ్గర ఆడపిల్ల పెరగకూడదని కూతురు మేబెల్‌ను తండ్రికి అప్పగించింది. ఈ సంగతి గుర్తుపెట్టుకో, మన మదనపల్లె దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

1888లో తూర్పు లండన్‌లోని బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ సంగతి ఆమె చెవిన పడింది. అక్కడ పదహారేళ్ళ పిల్ల వారమంతా పనిచేస్తే చేతికొచ్చేది నాలుగు షిల్లింగులు. అందులోనూ కోతలు. కాళ్ళు మురికిగా ఉంటే జరిమానా, పక్కపిల్లతో మాట్లాడితే జరిమానా. తెల్ల భాస్వరం పొగకు దవడ ఎముక కుళ్ళిపోయే జబ్బొకటి. వాటాదారులకు మాత్రం నూటికి ఇరవై పైచిలుకు లాభం. బెసెంట్ ఆ పిల్లలను కలిసి, కూలెంత, కోతెంత అని అడిగి, అంకెలతో సహా తన పత్రికలో అచ్చువేసింది. ఆ రాతలు అబద్ధమని సంతకాలు చెయ్యమని యాజమాన్యం ఒత్తిడి చేస్తే పిల్లలు చెయ్యలేదు. జులైలో 1,400 మంది దాకా పని మాని బయటికొచ్చారు, మూడు వారాలు నిండకముందే గెలిచారు. ఆ ఏడాదే బెసెంట్ లండన్ స్కూలు బోర్డుకు ఎన్నికైంది. ఆడవాళ్ళకు పార్లమెంటు ఓటే లేని రోజులవి.

ఉపన్యాసాల్లో ఆమెకు సాటి లేదని అందరూ రాస్తారు. నేను మాత్రం ఆ కూలి లెక్క దగ్గరే ఆగిపోతాను. ముందు అడిగింది, తర్వాత రాసింది, ఆ తర్వాతే మాట్లాడింది. మన నాయకులు చాలామంది ఈ వరస తిరగేసి పాటిస్తారనుకో, అది వేరే సంగతి.

అగ్గిపెట్టెల సమ్మె మరుసటి ఏడాది ఆమె దివ్యజ్ఞాన సమాజంలో చేరింది. నాస్తికురాలు ఆధ్యాత్మికంలోకి దూకడం పాత స్నేహితులకు మింగుడుపడలేదు. 1893 నవంబరు 16న తూత్తుకుడిలో దిగింది. అప్పటికి 46 ఏళ్ళు. ఆ వయసుకు మన పక్క ఆడవాళ్ళు మనవళ్ళను ఆడించుకుంటూ ఉంటారు. ఆమె మాత్రం సంస్కృతం నేర్చుకుని, భగవద్గీతను ఇంగ్లీషులోకి తెచ్చి, 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ పెట్టింది. మాలవీయ కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి ఆ కాలేజీయే అంకురం. 1907లో దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షురాలై, చివరిదాకా మద్రాసు అడయారులోనే ఆ బాధ్యత మోసింది. తొలినాళ్ళలో మన పాతదనాన్నంతా నెత్తిన పెట్టుకుంది, కులాన్ని కూడా వెనకేసుకొచ్చింది. అది కొత్తగా వచ్చినవాళ్ళకు ఉండే మోజు. తర్వాత కళ్ళు తెరిచి బాల్యవివాహాల మీద గట్టిగానే మాట్లాడింది.

ఇక మదనపల్లె. జిడ్డు నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. ఆయన కొడుకు కృష్ణమూర్తి 1895లో ఇక్కడే పుట్టాడు. రిటైరయ్యాక, తల్లిలేని పిల్లలను వెంటేసుకుని నారాయణయ్య 1909లో అడయారు చేరాడు. అక్కడ లెడ్‌బీటర్ అనే పెద్దమనిషి, ఈ బక్కపిల్లవాడే రాబోయే జగద్గురువన్నాడు. బెసెంట్ నమ్మింది. కృష్ణమూర్తినీ, తమ్ముడు నిత్యానందనూ తన సంరక్షణలోకి తీసుకుని ఇంగ్లండ్‌కు చేర్చింది. పిల్లలు నాకు కావాలని తండ్రి 1912లో మద్రాసు హైకోర్టుకెక్కాడు. ఆమె తన పక్షాన తానే వాదించింది. మద్రాసులో తండ్రి గెలిచాడు. 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్లో ఆమె గెలిచింది.

కూతుర్ని కోర్టు లాక్కుంటే కుమిలిపోయిన తల్లే ఇంకో ఇంటి పిల్లలను కోర్టు ద్వారా దక్కించుకుంది. వకీళ్ళు ఏం చెప్పినా సరే, నా మనసు నారాయణయ్య పక్షమే. ఒకరికి మేలు చేస్తున్నామన్న నమ్మకం ముదిరినప్పుడు అవతలివాళ్ళ ఏడుపు చెవినపడదు. ప్రజాసేవలోకి దిగేవాళ్ళకు ఇది డబ్బు వ్యామోహం కన్నా ప్రమాదం, ఎందుకంటే డబ్బు తిన్నవాడిని జనం పట్టుకుంటారు, మేలు చేస్తున్నానని మీదపడేవాడికి దండలేస్తారు. 1929లో ఆ కృష్ణమూర్తే జగద్గురువు పీఠం వద్దని, తనకోసం పెట్టిన సంఘాన్ని రద్దు చేశాడు. ఆ దెబ్బ తిని కూడా ఆమె అతన్ని దూరం చేసుకోలేదు. అది ఆమెలోని పెద్దగుణం.

ఆ దావా నలుగుతుండగానే ఆమె రాజకీయాల్లోకి దిగింది. 1914 జనవరిలో ‘కామన్‌వీల్’ అనే వారపత్రిక పెట్టింది, జులైలో మద్రాసులో ఒక దినపత్రికను కొని ‘న్యూ ఇండియా’ అని పేరు మార్చింది. 66 ఏళ్ళ వయసు. ఈ దేశంలో ఇరవై ఏళ్ళు బడులు నడిపి, ఊరూరా తిరిగి, ఆ తర్వాత నోరు తెరిచి రాజకీయ హక్కులు అడిగిందన్నమాట. ఆమె కోరింది కూడా అప్పటికి ఆకాశంలో చుక్క కాదు. కెనడాకూ, నువ్వున్న ఆస్ట్రేలియాకూ ఉన్నట్టే తమ పాలన తాము చూసుకునే హక్కు ఇండియాకూ ఇమ్మంది. 1916 ఏప్రిల్లో తిలక్ ఒక హోంరూల్ లీగు పెడితే, సెప్టెంబరులో ఆమె ఇంకొకటి పెట్టింది. ప్రభుత్వం పత్రిక మీద 2,000 రూపాయల ధరావతు అడిగి, దాన్ని జప్తు చేసి, మళ్ళీ 10,000 కట్టమంది. కట్టింది, రాసింది.

1917 జూన్‌లో మద్రాసు గవర్నరు పెంట్లాండ్ ఆమెనూ, సహచరులు ఆరండేల్, వాడియాలనూ నిర్బంధించాడు. ముగ్గురూ ఊటీ వెళ్ళారు. మనిషిని కట్టేశారు గానీ తోటను కట్టెయ్యలేరు కదా, ఆ ఇంటి తోటలోనే ఎరుపు, ఆకుపచ్చ హోంరూల్ జెండా ఎగరేసింది. దేశం భగ్గుమంది. అంతదాకా దూరంగా ఉన్న జిన్నా హోంరూల్ లీగులో చేరాడు. మద్రాసు హైకోర్టు మాజీ జడ్జి సుబ్రమణ్య అయ్యర్ ఏకంగా అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కే లేఖ రాశాడు, దాని మీద గొడవైతే ‘సర్’ బిరుదు వదులుకున్నాడు. ఆగస్టు 20న బ్రిటిష్ మంత్రి మాంటేగు, ఇండియాకు మెల్లగా స్వపరిపాలన ఇస్తామని ప్రకటించాడు, సెప్టెంబరులో ఆమెను వదిలేశారు, డిసెంబరులో కలకత్తాలో కాంగ్రెసుకు అధ్యక్షురాలైంది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి, 70 ఏళ్ళది, వలస వచ్చినది.

ఈ గాలి మనవైపూ తిరిగింది. మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజం కాలేజీ, అదే బీటీ కాలేజీ, 1915లో మొదలైంది, అనంతపురం కాలేజీ కన్నా ఏడాది ముందు. జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ కవి మొదట ‘న్యూ ఇండియా’లో పనిచేశాడు. 1916లో డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాశాడు. పత్రికకు అది మరీ ఘాటైంది, ఆయన్ని మదనపల్లె పంపించారు. మనకు మేలే జరిగింది. ఆ కజిన్స్ పిలిస్తేనే టాగూరు 1919 ఫిబ్రవరిలో వచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు, ఫిబ్రవరి 28న ‘జనగణమన’ను ఇంగ్లీషు చేశాడు. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాసింది. ఆమె కూడా బెసెంట్ బాటే. ఐర్లండ్‌లో ఆడవాళ్ళ ఓటుకోసం జైలుకెళ్ళి వచ్చిన మనిషి. 1917లో అడయారులో భారత మహిళా సంఘం పెట్టినవాళ్ళలో ఒకతె. ఆ ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు నడిపించిన మహిళల బృందం మాంటేగును కలిసి ఆడవాళ్ళకు ఓటు అడిగిందంటే, వెనక ఈమె పని ఉంది. మద్రాసు రాష్ట్రం 1921లో ఆ హక్కు ఇచ్చింది. మార్గరెట్ 1932లో వేలూరు జైలు కూడా చూసింది. కజిన్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు.

ఇప్పుడు నువ్వున్న దేశానికి వస్తా. బెసెంట్ ఊటీలో ఉన్న ఆ 1917లో ఆస్ట్రేలియా ప్రధాని ఎవరో తెలుసా? బిల్లీ హ్యూస్. ఆయనా వలస వచ్చినవాడే. 1862లో లండన్‌లో వెల్ష్ తల్లిదండ్రులకు పుట్టి, 22 ఏళ్ళకు బ్రిస్బేన్‌లో దిగాడు. దొరికిన పనల్లా చేశాడు. సిడ్నీ బాల్మెయిన్‌లో చిన్న అంగడి పెట్టి గొడుగులు బాగుచేశాడు. 1901లో మొదటి ఆస్ట్రేలియా పార్లమెంటుకు ఎన్నికైనవాడు 1952లో చనిపోయేదాకా సభ్యుడే. 51 ఏళ్ళు, ఇప్పటికీ అక్కడ ఎవరూ దాటలేదు. సైన్యంలో నిర్బంధంగా చేర్చుకోవడం గురించి 1916లో ఒకసారి, 1917లో ఒకసారి జనాన్ని అడిగి రెండుసార్లూ ఓడాడు. సొంత లేబర్ పార్టీ బయటికి పంపితే ఇంకో పార్టీ కట్టాడు, అదీ పొసగకపోతే మరొకటి. పట్టుదలకు మెచ్చుకోవాల్సిందే.

కానీ 1919లో పారిస్ శాంతి సభలో జపాను, అన్ని జాతులూ సమానమన్న ఒక్క వాక్యం నానాజాతి సమితి నిబంధనల్లో పెట్టమని అడిగితే, దానికి అడ్డం పడినవాళ్ళలో ముందున్నది హ్యూస్. 17 ఓట్లలో 11 అనుకూలంగా వచ్చినా, ఏకాభిప్రాయం లేదని విల్సన్ పక్కన పెట్టాడు. తెల్లవాళ్ళు తప్ప ఇతరులు రాకూడదన్న ఆస్ట్రేలియా విధానం అలాగే ఉండాలన్నది హ్యూస్ పంతం. వలస వచ్చి మెట్టెక్కినవాడు వెనక వచ్చేవాళ్ళకు తలుపు వేశాడు. ఆ విధానం 1973 దాకా పూర్తిగా పోలేదు. అది అట్లాగే నడిచి ఉంటే నువ్వు మెల్బోర్న్‌లో పోటీ సంగతి అటుంచి, ఇల్లు వెతుక్కోవడం కూడా ఉండేది కాదు. నిజం చెప్పాలంటే, అప్పటికే అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళ గురించి ఇండియా తరఫున శ్రీనివాస శాస్త్రి 1922లో అక్కడికి పోయి మాట్లాడటానికి హ్యూస్ అడ్డు చెప్పలేదు. వాళ్ళకు 1925లో ఓటు వచ్చింది. అయినా తలుపు తలుపే. ఇవాళ మలేసియాలో పుట్టి, చిన్నప్పుడు అడిలైడ్ చేరిన పెనీ వాంగ్ 2002 నుంచి సెనేటరుగా ఉండి, 2022లో విదేశాంగ మంత్రి అయిందంటే, హ్యూస్ పెట్టిన గడియ వేరేవాళ్ళు తీశారు కాబట్టే.

బెసెంట్ దగ్గరికి తిరిగి రావాలి, ఎందుకంటే నీకు చెప్పదలచినది 1917 కిరీటం గురించి కాదు, ఆ తర్వాత సంగతి. 1919లో రౌలట్ చట్టానికి ఎదురుగా గాంధీ సత్యాగ్రహం అన్నాడు. చట్టాన్ని ఉల్లంఘించమని జనాన్ని వీధిలోకి పిలిస్తే గుంపు చేతుల్లోకి పోతుందని ఆమె భయం. అంతటితో ఆగలేదు, రాళ్ళు రువ్వే గుంపు మీద సైనికులు కాల్పులు జరపడాన్ని ‘న్యూ ఇండియా’ సమర్థించింది. ఆ రాత వచ్చిన నెలలోనే జలియన్‌వాలా బాగ్ ఊచకోత జరిగింది. ఆ మాట ఆమెను జీవితాంతం వదల్లేదు. రెండేళ్ళ కింద పూలు చల్లిన సభల్లోనే ఆమెను మాట్లాడనివ్వకుండా కేకలేశారు. 1920లో కాంగ్రెసు సహాయ నిరాకరణ బాట పట్టాక ఆమె బయటికి నడిచింది. జనం కోపం న్యాయమైనదే అనిపిస్తుంది నాకు. ఆమె భయంలోనూ కొంత నిజం లేకపోలేదు, చౌరీచౌరా తర్వాత గాంధీ తానే ఉద్యమం ఆపాడు. కానీ ఆ మాట, ఆ సమయంలో, తెల్లమనిషి నోట, ఎవరు క్షమిస్తారు?

అప్పుడు ఆమెకు 73 ఏళ్ళు. లండన్‌లో స్నేహితులున్నారు, పేరుంది, చదివేవాళ్ళున్నారు. ఓడ ఎక్కి వెళ్ళిపోతే తప్పుపట్టేవాళ్ళు లేరు. సొంత దేశంలో ఓడినవాడికి పోవడానికి వేరే చోటు ఉండదు కాబట్టి ఉండిపోతాడు, అందులో గొప్పేం లేదు. వలస వచ్చినవాళ్ళకు ఎప్పుడూ ఇంకో ఊరు ఉంటుంది, జనానికీ ఆ సంగతి తెలుసు. అందుకే మామూలు నాయకుణ్ణి గెలుపులో తూస్తే, బయటినుంచి వచ్చినవాళ్ళను ఓటమి మర్నాడు చూస్తారు.

ఆమె అడయారులోనే ఉంది. తేజ్ బహదూర్ సప్రూ లాంటివాళ్ళను కూడగట్టి, 1923 నుంచి ఒక రాజ్యాంగం ముసాయిదా రాయించే పనిలో పడింది. చప్పట్లు లేని పని. గ్రామ స్థాయి నుంచి పైకి సభల కట్టడం, వ్యక్తి స్వేచ్ఛ, మనస్సాక్షి స్వేచ్ఛ, భావప్రకటన, చట్టం ముందు సమానత్వం అన్నీ అందులో రాశారు. దాన్ని లేబర్ పార్టీ నాయకుడు జార్జ్ లాన్స్‌బరీ 1925లో బ్రిటిష్ కామన్స్ సభలో ప్రవేశపెట్టాడు. బిల్లు ముందుకు కదల్లేదు. ప్రాథమిక హక్కులను పట్టిక వేసి అడిగిన తొలి ముసాయిదాల్లో అదొకటి. మూడేళ్ళకు మోతీలాల్ నెహ్రూ నివేదికలోనూ హక్కుల పట్టిక వచ్చింది. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు, తనను కేకలేసి దింపిన కాంగ్రెసువాళ్ళతో పాటే బహిష్కరణకు నిలబడింది. అప్పటికి ఎనభై దాటాయి. 1933 సెప్టెంబరు 20న అడయారులో పోయింది, అక్కడే దహనం చేశారు.

ఇక నీ సంగతి. నామినేషన్ వెయ్యి. అక్కడున్న తెలుగువాళ్ళ ఓట్లెన్ని, తమిళుల ఓట్లెన్ని అని సంఘాలవాళ్ళు లెక్కలు తెస్తారు. విన్నట్టే ఉండి, నీ వార్డులో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు ఎక్కడుంటారు, అద్దెలెంత, ముసలివాళ్ళకు బస్సు ఎంత దూరంలో ఆగుతుంది, ఆ లెక్కలు ముందు తెచ్చుకో. అడగకుండా ఎవరికీ మేలు తలపెట్టకు. మీ పేటకు నీ తర్వాత వచ్చేవాళ్ళ మీద, వాళ్ళు ఏ దేశంవాళ్ళైనా, ఓట్ల కోసం ఒక్క మాట తూలకు. గెలిస్తే నాకు ఫోను చెయ్యి. ఓడితే ఫోను తర్వాత చేద్దువు గానీ, అక్కడ కౌన్సిలు సమావేశాలకు ఎవరైనా పోయి కూర్చోవచ్చని నువ్వే చెప్పావు కదా, ఫలితం తర్వాత జరిగే మొదటి సమావేశానికి పోయి, జనం కూర్చునే బెంచీలో ఒక నోటుబుక్కు పట్టుకుని కూర్చో.

ఇట్లు,
మీ పెదనాయన
పెద్దమండ్యం